ర్యాలీ ముస్తాబుకు తగిన చిన్న కారు: మేనల్లుడికి ఒక లేఖ



చిన్న కారు ఒకటి కొని దానికి ర్యాలీ కారు రూపురేఖలు దిద్దుకోవాలన్న మేనల్లుడి కోరిక ఇంట్లో కొందరికి కుర్రతనంగా తోచినా, ఆ రూపం వెనుక అరవై ఏళ్లకు పైబడిన అనుభవం ఉన్నందున అది తీసిపారేయదగినది కాదు. అయితే ఏ కారు కొనాలో తేలాలంటే ముందు ఆ రూపం ఎందుకు పుట్టిందో తెలియాలి. అది తెలియకుండా కొన్న కారుకు స్టిక్కర్లు ఎన్ని అంటించినా ముస్తాబు పైపైనే నిలిచిపోతుంది.

వెనుక డిక్కీ విడిగా పొడుచుకు రాకుండా, అద్దంతో సహా పైకి లేచే తలుపు గల చిన్న కారును హ్యాచ్‌బ్యాక్ అంటారు. అదే కారుకు కంపెనీయే శక్తిమంతమైన ఇంజను, బిగువైన సస్పెన్షన్, మెరుగైన బ్రేకులు అమర్చి అమ్మితే అది హాట్ హ్యాచ్ అవుతుంది. 1976 నాటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ ఈ తరగతికి ప్రపంచమంతటా పేరు తెచ్చింది. ర్యాలీ అన్నది సర్క్యూట్ రేసు వంటిది కాదు. రాకపోకలు ఆపివేసిన మామూలు రోడ్ల మీద, అడవి దారుల మీద కార్లను ఒకదాని తరువాత ఒకటిగా వదిలి, పట్టిన కాలాన్ని కొలుస్తారు. అలా కొలిచే ఒక్కొక్క దారి భాగాన్ని స్పెషల్ స్టేజ్ అంటారు. పక్క సీట్లోని కో-డ్రైవర్ ముందుగా రాసుకున్న మలుపుల వివరాలను, అనగా పేస్ నోట్స్‌ను, చదివి వినిపిస్తూ ఉంటే డ్రైవరు ఆ మాట నమ్మి నడుపుతాడు. ఇటువంటి పోటీలో బరువైన పెద్ద ఇంజను కంటే తేలికైన చిన్న ఒళ్లు మేలని 1964లో మాంటీ కార్లో ర్యాలీ గెలిచిన మినీ కూపర్ చూపించింది. 1987 నుంచి 1992 దాకా వరుసగా ఆరేళ్లు తయారీదారుల కిరీటాన్ని గెలిచిన లాన్సియా డెల్టా, 2013 నుంచి 2016 దాకా ఏలిన ఫోక్స్‌వ్యాగన్ పోలో, 2019, 2020లలో హ్యుందాయ్‌కి తయారీదారుల టైటిల్ తెచ్చిన ఐ20, ఇవన్నీ పుట్టుకతో హ్యాచ్‌బ్యాక్‌లే. ప్రపంచ ర్యాలీలో పరుగెత్తిన ఐ20కి నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది, షోరూములో దొరికే ఐ20కి ముందు చక్రాలకే అందుతుంది కాబట్టి, పేరు ఒకటైనంత మాత్రాన యంత్రం ఒకటి కాదన్న సంగతిని కూడా గుర్తుంచుకోవలసి ఉంటుంది.

ర్యాలీ కారు మీద అలంకారంగా కనిపించేవన్నీ మొదట పనిముట్లే. చక్రాల వెనుక వేలాడే మడ్ ఫ్లాప్‌లు, టైర్లు ఎగజిమ్మే కంకర కారు అడుగుభాగాన్ని చితక్కొట్టకుండా ఆపడానికి వచ్చాయి. బానెట్ ముందు వరుసగా బిగించే లైట్లు రాత్రి స్టేజీల కోసం, బానెట్‌కు వేసే మెరుపు లేని నల్లరంగు ఎండ తిరిగి డ్రైవరు కళ్లలో కొట్టకుండా ఉండటం కోసం, పైకప్పు మీద చిన్న కిటికీలా లేచే గాలిదారి దుమ్ముకు అద్దాలు బిగించుకున్నప్పుడు లోపలివారికి గాలి ఆడటం కోసం వచ్చాయి. ఇంజను ఆయిలు నిలిచే తొట్టెకు రాయి తగలకుండా కింద బిగించే దళసరి పలకను సంప్ గార్డ్ అంటారు. బంగారుపాళ్యం వైపు మామిడి తోటల్లోకి పోయే మట్టిదారుల్లో ట్రాక్టరు చక్రాలు రెండు పక్కలా గాడి తొక్కగా నడుమ ఒక గట్టు మిగులుతుంది. ఆ గట్టుకు కారు అడుగు కరకరమని రాసుకుపోయే చప్పుడు ఒక్కసారి విన్నవారికి సంప్ గార్డ్ ఎందుకో వేరే చెప్పనక్కర లేదు.

చక్రాల విషయంలో మాత్రం కుర్రవాళ్లలో ఎక్కువమంది ర్యాలీకి సరిగ్గా ఎదురు దారిలో పోతున్నారు కనుక ఇక్కడ కొంచెం నిదానించడం అవసరం. టైరు పక్కన 185/65 ఆర్15 అని ఉంటే, టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే దాదాపు 120 మిల్లీమీటర్లు, లోపలి చక్రం 15 అంగుళాలు అని అర్థం. అందం కోసమని 205/45 ఆర్17 వేస్తే పక్కగోడ 92 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. గుంత అంచు తగిలినప్పుడు దెబ్బను మింగవలసిన రబ్బరు లేక ఆ దెబ్బ నేరుగా అల్లాయ్ చక్రానికి, అక్కడి నుంచి సస్పెన్షన్‌కు చేరుతుంది. ప్రపంచ ర్యాలీ కార్లు తారు రోడ్డుకు 18 అంగుళాల చక్రాలు వాడినా, కంకర స్టేజీలకు 15 అంగుళాల చిన్న చక్రాలు, మందమైన టైర్లే వాడతాయి. గ్రానైట్ లారీలు నలగ్గొట్టిన చిత్తూరు, కుప్పం పల్లెదారులకు సరిపోయేదీ ఆ కంకర లెక్కే. తెల్లరంగు వేసిన 15 అంగుళాల చక్రం, దాని చుట్టూ దిట్టమైన టైరు, వెనుక ఎర్రని మడ్ ఫ్లాప్: ర్యాలీ రూపంలో సగం అక్కడికే వచ్చేస్తుంది.

ఇక కారు ఎంపిక. మన దేశంలో హాట్ హ్యాచ్ అనదగినవి వచ్చినవే కొన్ని, వాటిలోనూ చాలావరకు త్వరగానే వెళ్లిపోయాయి. 2015లో వచ్చిన అబార్త్ పుంటో, 2017 నాటి బాలెనో ఆర్ఎస్, 2018 నాటి టియాగో జేటీపీ పాత బండ్ల సంతలో కనిపిస్తే మనసు లాగుతుంది గాని, వీటి ప్రత్యేక భాగాల కోసం చెన్నైకో బెంగళూరుకో తిరగవలసి వస్తుంది. పోలో 1.0 టీఎస్ఐ దృఢమైన ఒళ్లు, 110 పీఎస్ శక్తి గల మంచి కారు (పీఎస్ అన్నది ఇంజను శక్తిని కొలిచే మెట్రిక్ ప్రమాణం). దాని తయారీ మన దేశంలో 2022లో ఆగిపోయింది కాబట్టి, రానున్న పదేళ్లు దాన్ని సాకగల ఓపిక ఉన్నవారే దాని జోలికి పోవాలి. టాటా ఆల్ట్రోజ్ రేసర్ 2024లో 120 పీఎస్ టర్బో ఇంజనుతో వచ్చింది. టర్బో అంటే పొగగొట్టం వైపు పోయే వేడి వాయువుల ఊపుతో తిరుగుతూ ఇంజనులోకి అదనంగా గాలిని నెట్టే చిన్న చక్రం. అంతే శక్తి గల హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌కు 2023 నుంచి ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సు కూడా వచ్చింది. కొత్త బండే కొనాలని, హాట్ హ్యాచ్ అనిపించుకోవాలని ఉంటే ఆ మాన్యువల్ ఐ20 ఎన్ లైన్ వైపే మొగ్గు చూపవచ్చు.

అయినా మేనమామ తీర్పు మారుతి స్విఫ్ట్ వైపే ఉంది. 2021 నుంచి 2024 తొలి నెలల దాకా అమ్ముడైన, నాలుగు సిలిండర్లతో 90 పీఎస్ ఇచ్చే స్విఫ్ట్, బరువు 900 కిలోల చుట్టుపక్కలే ఉండటం వల్ల ఆ మాత్రం శక్తికే ఉత్సాహంగా కదులుతుంది. పై రకాలకు కంపెనీ ఇచ్చిన టైరు కొలత 185/65 ఆర్15 కాబట్టి ర్యాలీ లెక్కకు కూడా అదే నప్పుతుంది. జాతీయ ర్యాలీ పోటీల్లో ఎన్నో ఏళ్లు తిరిగిన బండి అది. స్విఫ్ట్ ఆకారంలోని సూపర్ 1600 కారుతో 2007లో పెర్ గున్నార్ ఆండర్సన్ జూనియర్ ప్రపంచ ర్యాలీ టైటిల్ గెలిచాడు. దాని భాగాలు పలమనేరులోనూ దొరుకుతాయి, విప్పి బిగించగల మెకానిక్కులు తిరుపతి నిండా ఉన్నారు. మిగిలే డబ్బును ముందు మంచి టైర్లకు, బ్రేక్ ప్యాడ్లకు, షాక్ అబ్జార్బర్లకు పెట్టి, ఆ తరువాతే రంగుల సంగతి చూడటం పద్ధతి.

చట్టం గురించి క్లుప్తంగా చెబితే చాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్ణయించిన ప్రాథమిక లక్షణాలను యజమాని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. నిషిద్ధమైన ఒక్కొక్క మార్పుకూ 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని ఉండవచ్చు. బండి రంగే మారిపోయేలా ర్యాప్, అంటే పలుచని వినైల్ పొర, చుట్టిస్తే ఆ సంగతి ఆర్సీలో నమోదు చేయించాలి. అమర్చిన ప్రతి వస్తువునూ బీమా సంస్థకు ముందే తెలపాలి. రోల్ కేజ్ మాత్రం వద్దే వద్దు. బోల్తా పడినా పైకప్పు కుంగకుండా లోపల బిగించే ఆ ఉక్కు గొట్టాల చట్రం, హెల్మెట్ లేకుండా రోజూ తిరిగే బండిలో ఉంటే, చిన్న ఢీకే తల పగలగొట్టగలదు.

కారు ఒంటి మీద వేసే రంగుల, గీతల, పేర్ల కూర్పును లివరీ అంటారు. పేరు మోసిన పాత లివరీలలో చాలావాటిని పొగాకు, మద్యం కంపెనీల డబ్బు పోషించింది: సుబారు ర్యాలీ కారు నీలం మీద పసుపుపచ్చగా మెరిసే 555 ఒక సిగరెట్టు పేరు, లాన్సియా మీది నీలం, ఎరుపు పట్టీల మార్టినీ ఒక మద్యం పేరు. పొగాకు, మద్యం, మాంసం నిషిద్ధమైన తిరుమలకు అలిపిరి తనిఖీ దాటి పోవలసిన ఇంటి కారు మీద ఆ పేర్లు ఎంతమాత్రం తగవు. పైగా ఎవరో డబ్బిచ్చి వేయించుకున్న పేరును డబ్బిచ్చి అంటించుకోవడంలో గౌరవమూ లేదు.

చేతిలోనే శ్రీకాళహస్తి కలంకారి ఉండగా అరువు పట్టీలు ఎందుకు? తుప్పు ఇనుమును బెల్లపు నీళ్లలో నానబెట్టి తీసే ఆ నలుపు, మంకెన పువ్వు కాని ఇటుక కాని అనిపించే ఆ ఎరుపు, కరకపువ్వు పసుపు, నీలిమందు నీలం, ఈ నాలుగూ తెల్లని స్విఫ్ట్ మీద ఏ విదేశీ పట్టీకీ తీసిపోవు. అయితే లివరీ దుమ్ములో, దూరం నుంచి, కదులుతూ కనిపించవలసినది కాబట్టి, కలంకారి అంచులోని సన్నపు లతలను యథాతథంగా ఎత్తి పెడితే పది అడుగుల దూరానికే అలుక్కుపోతాయి. ఒక్క తీగ మలుపును తీసుకుని, జానెడు వెడల్పుకు పెంచి, ముందు చక్రం మీద మొదలుపెట్టి వెనుక తలుపు దాకా ఒకే గీతగా లాగాలి. దేవతామూర్తులను మాత్రం వాడరాదు; బురద చిందే చోట వాటిని పెట్టడం తగదు.

స్టిక్కరును తలుపు అంచు దగ్గర ఆపకుండా లోపలికి మడిచి అంటించాలి. అంచు బయటే ఉంటే ఎర్రమన్ను దాని కిందికి దూరి, మే నెల ఎండకు జిగురు సడలి, మొదటి వానకే ఒక కొస ఎండుటాకులా పైకి లేస్తుంది.

అలా ముస్తాబైన కారును నడపవలసిన చోటు ఘాట్ రోడ్డు కాదు. 1944లో తెరిచిన తిరుమల మొదటి ఘాట్ ఇప్పుడు దిగే దారి. వేగాన్ని అరికట్టడానికి ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీస సమయంగా టీటీడీ నిర్ణయించింది. భాకరాపేట ఘాట్‌లో 2022 మార్చిలో నిశ్చితార్థానికి పోతున్నవారి బస్సు లోయలో పడిన సంగతి ఇంట్లో ఎవరూ మరువలేదు. పలమనేరు దాటితే కౌండిన్య అభయారణ్యపు ఏనుగులు రాత్రిపూట రోడ్డెక్కుతాయి. వేగం తీరాలంటే భారత మోటారు క్రీడల సమాఖ్య లైసెన్సు తీసుకుని పోటీకే పోవాలి. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నడిపే దక్షిణ భారత ర్యాలీ జరిగే చెన్నై మనకు దూరమేమీ కాదు. మొదట టీఎస్‌డీ (కాలం, వేగం, దూరం) ర్యాలీతో మొదలుపెట్టడం మంచిది. అందులో గెలిచేది వేగంగా వచ్చినవారు కాదు. ఇచ్చిన సగటు వేగాన్ని తప్పకుండా, చెప్పిన క్షణానికి చెప్పిన చోటికి చేరినవారు. అందుకు ఏ మార్పూ లేని స్విఫ్ట్, ఒక గడియారం, లెక్కలు వచ్చిన స్నేహితుడు చాలు.

పాత స్విఫ్ట్ ఏదైనా నచ్చితే అడ్వాన్సు ఇవ్వకముందే చిత్తూరుకు కబురు పంపవలసింది. మేనమామ జాకీ, టార్చిలైటు తీసుకుని వచ్చి, బండి కింద పడుకుని అడుగుభాగం చూస్తాడు. కాణిపాకంలో పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే రోజును ఆ తరువాత నిర్ణయించుకోవచ్చు.