వచ్చే ఫైళ్లకు కంప్యూటరు కాపలా

నదులకు రాష్ట్రాల సరిహద్దులు లేవు. మహారాష్ట్రలో గోదావరి ఎగువన కురిసిన వాన దిగువన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వరదగా పరిణమించవచ్చు. ఈ రాష్ట్రాలలోని వర్షమాపక కేంద్రాల వివరాలు ఫైళ్ల రూపంలో ఒక కార్యాలయపు కంప్యూటరుకు చేరుతున్నాయని భావించండి. వచ్చిన ఫైలును వచ్చినట్లే చదివి లెక్కలో చేర్చవలసి ఉంటుంది. అందుకై ఒక ఉద్యోగి రాత్రింబవళ్లు ఫోల్డరును చూస్తూ కూర్చోనక్కరలేదు. ఆ కాపలాను ప్రోగ్రాముకు అప్పగించవచ్చు.

ఇందుకు రెండు పద్ధతులున్నాయి. మొదటిది, నిర్ణీత వ్యవధిలో ఫోల్డరును పరిశీలించడం. ఉత్తరం వచ్చిందేమోనని మాటిమాటికీ గుమ్మం దాకా వెళ్లి చూడడం వంటిదిది. వ్యవధి పెరిగితే ఆలస్యం, తగ్గితే వృథా శ్రమ. రెండవది, కొత్త ఫైలు రాగానే తెలియజేయవలసిందిగా ఆపరేటింగ్ సిస్టమ్‌ను కోరడం. ఇది తపాలా బంట్రోతు తలుపు తట్టడం వంటిది. లినక్స్‌లో ఇందుకు తోడ్పడే ఐనోటిఫై 2005లో 2.6.13 కెర్నెల్‌తో ప్రవేశించింది.

అయితే ఫైలు పేరు కనబడినంత మాత్రాన ఫైలు పూర్తిగా చేరినట్లు కాదు. నూరు కేంద్రాల వివరాలలో నలభై మాత్రమే వ్రాయబడిన దశలో ప్రోగ్రాము దానిని చదివితే, మొత్తం వర్షపాతం తక్కువగా తేలుతుంది. యంత్రం తప్పును గుర్తించకపోవచ్చు. వరద హెచ్చరిక మాత్రం ఆలస్యమవుతుంది.

దీనికి నివారణోపాయం కలదు. ఫైలును ముందు తాత్కాలిక ఫోల్డరులో పూర్తిగా వ్రాసి, ఆ తరువాతనే కాపలా ఉన్న ఫోల్డరులోకి జరపాలి. రెండు ఫోల్డర్లూ ఒకే ఫైల్ సిస్టమ్‌లో ఉన్నప్పుడు ఈ మార్పు ఒక్క క్షణంలో, విడదీయరాని చర్యగా జరుగుతుంది. ప్రోగ్రాముకు సగం ఫైలు కనబడే అవకాశమే ఉండదు. 1990 దశకంలో డేనియల్ బెర్న్‌స్టీన్ ఈ-మెయిల్ నిల్వకై రూపొందించిన మెయిల్‌డిర్ పద్ధతికి ఇదే ఆధారం.

మరి రెండు జాగ్రత్తలు అవసరం. ప్రోగ్రాము ఆగి ఉన్నప్పుడు వచ్చిన ఫైళ్ల సమాచారం దానికి అందదు. ఒక్కసారిగా అనేక ఫైళ్లు వచ్చిపడితే కొన్ని సూచనలు జారిపోవచ్చు. కనుక ప్రారంభంలోనూ, అప్పుడప్పుడూ ఫోల్డరునంతటినీ పరిశీలించాలి. పని ముగిసిన ఫైళ్లను ఒక ఫోల్డరుకు, చదవలేకపోయిన వాటిని వేరొక ఫోల్డరుకు తరలించాలి. అందువల్ల ఒకే ఫైలు రెండుసార్లు లెక్కకు వచ్చే ప్రమాదం తగ్గుతుంది. లోపమున్న ఫైలు ఉద్యోగి దృష్టికి వస్తుంది. ఏ కేంద్రం వివరాలు అందలేదో సకాలంలో తెలిస్తే, అక్కడికి ఫోను చేసి అడిగే వ్యవధి మిగులుతుంది.