బోరు ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా హరిశ్చంద్రపురం దగ్గరి పల్లె. వేసవిలో మోటారు గాలి పీలుస్తోంది. నీటిమట్టం ఫోన్‌లో చూడొచ్చా?

జవాబు: చూడొచ్చు. భూగర్భ జలశాఖ ఫీజోమీటర్లు, అంటే మోటారు లేని పరిశీలక బోర్లు, తవ్వించింది. వాటి సెన్సర్లు పంపే మట్టాలు జలవనరుల శాఖ వెబ్‌సైట్లో మీటర్లలో కనిపిస్తాయి. అంకె పెరిగిందంటే నీరు లోతుకు దిగిందని అర్థం. ఇక్కడే చాలామంది పొరబడతారు.

నీరు పంపు కంటే కిందికి జారితే మోటారు గాలి పీలుస్తుంది. నెలనెలా వెబ్‌సైట్లోని అంకె రాసుకోండి. పొద్దున్నే, మోటారు వేయకముందే, మీ బోరులోని నీటిమట్టాన్నీ తాడుతో కొలవండి. రెండు చోట్లా నీరు దిగుతుంటే పక్క రైతులతో మాట్లాడుకుని వంతులవారీగా తోడండి. పరిశీలక బోరులో మట్టం నిలకడగా ఉండి మీ బోరే ఆగుతుంటే ముందు పంపు, పైపులు చూపించండి.

మన జిల్లాలోని ఉద్దానం ప్రాంత వాసులకు ఒక్క మాట: ఈ సెన్సర్లు లోతునే చెబుతాయి, నీటి మంచిచెడులు కాదు. తాగేనీటిని విడిగా పరీక్ష చేయించాల్సిందే.

కొత్త బోరుకు 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం నిబంధనలున్నాయి. డబ్బు ఖర్చు పెట్టేముందే శ్రీకాకుళంలోని భూగర్భ జలశాఖ అధికారులను కలవండి.