బాయిలర్ కోళ్ల నీళ్లలో ఏం కలపాలి, ఏం కలపొద్దు

మల్బరీతో పాటు వందో రెండొందలో బాయిలర్ కోళ్లు పెంచేటోళ్లకు ఈ పాఠం.

కోడి కిలో మేత తింటే దాదాపు రెండు లీటర్ల నీళ్లు తాగుతది, ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ. మా లక్కడ్‌కోట్ ఉన్న చంద్రపూర్ జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు దాటుడు కొత్త కాదు. అప్పుడు కోడి మేత తగ్గించి నీళ్ల మీదనే బతుకుతది. అందుకే నీళ్లలో ఏదైనా ఇయ్యాలని చూస్తం. కానీ నీళ్లలో కరిగేదే నీళ్లలో కలపాలి.

బెల్లం, కొద్దిగ ఉప్పు, నిమ్మరసం కరుగుతయి. ఎండ దెబ్బకు ఇవి మంచివే. పసుపు కరగదు, డబ్బా అడుగున పేరుకుంటది. పసుపు, దంచిన ఎల్లిగడ్డ మేతలో కలుపుడే నయం. బెల్లం నీళ్లు నిపుల్ పైపుల్లో పొయ్యొద్దు, లోపల జిగురు పట్టి క్రిములు పెరుగుతయి. డబ్బాల్లో పోసి, రెండు మూడు గంటల్లో మిగిలింది పారబోసి కడగాలి. పులుపు కలిపితే ప్లాస్టిక్ డబ్బానే వాడాలి. జింకు రేకు డబ్బాలో పులుపుకు జింకు కరుగుతది.

రోజూ ఎన్ని బకెట్లు తాగుతున్నయో లెక్క పెట్టుకోండి. ఏదైనా కలిపిన రోజు తాగుడు తగ్గిందంటే రుచి నచ్చలేదన్నట్టే, వెంటనే మానేయాలి. నీళ్లు తగ్గితే మేత తగ్గుతది, బరువు పోతది.

లసోటా, గంబోరో టీకాలు నీళ్లలో ఇచ్చే రోజు ఏ కషాయం కలపొద్దు. బ్లీచింగ్ నీళ్లు ముందు రోజు నుంచే బంద్ చేయాలి, లేకుంటే టీకా చచ్చిపోతది. మంచి నీళ్లలో వెన్న తీసిన పాలపొడి కలిపి, టీకా రెండు గంటల్లో అయిపోయేటట్టు చూడాలి.

రక్తం రెట్ట పడితే కషాయంతో రోజులు గడపొద్దు, పశువుల డాక్టర్‌ను అడగండి. దుకాణంల యాంటీబయాటిక్ సొంతంగ కొని పొయ్యొద్దు. మనుషులకు ఆఖరి మందుగ వాడే కొలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు ఇయ్యకుండా 2019లో కేంద్రం నిషేధించింది.

ఇగ వేపాకు సంగతి. చేదుకు కోళ్లు ఎట్లాగూ తక్కువ తాగుతయి. మనకు అసలు భయం వేరే ఉంది. మిగిలిన వేప నీళ్లు మల్బరీ మొక్కల దగ్గర పారబోస్తే, ఆకు మీద పడ్డ చుక్కలు పట్టుపురుగులకు విషమే. మేత మానేస్తయి, జ్వరం నుంచి సరిగ్గ లేవవు. వేప ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగకుండ చాకీ పురుగులకు ఆకు వెయ్యొద్దు. కోళ్ల షెడ్డుల వాడిన బకెట్, చెప్పులు పురుగుల షెడ్డులకు తేవొద్దు.