ఇనుములోకి గాలి ఊదిన బెస్సెమర్

రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెనను చూశారా? 1897లో మొదలై 1900లో పూర్తయింది. రాతి స్తంభాల మీద ఉక్కు గర్డర్లు! 1997 నుంచి దానిమీద రైళ్ళు నడవడం లేదు.

అంతకు యాభై ఏళ్ళ ముందైతే అంత ఉక్కు చౌకగా దొరికేది కాదు. ఉక్కును చౌకచేసే దారి చూపినవాడు ఇంగ్లండుకు చెందిన హెన్రీ బెస్సెమర్ (1813-1898).

పోత ఇనుములో సుమారు 4 శాతం కర్బనం ఉంటుంది. అందుకే అది పెళుసు. బెస్సెమర్ కరిగిన ఇనుములోకి గాలి ఊదాడు. చల్లగాలికి ఇనుము గడ్డకట్టాలి కదా? కట్టలేదు! గాలిలోని ఆక్సిజన్‌తో కర్బనం, సిలికాన్ మండి, ఆ వేడికి ఇనుము మరింత కాగింది. వేరే బొగ్గు అక్కరలేదు. అరగంటలో ఉక్కు తయారు!

1856లో ఈ సంగతి ప్రకటించగానే కార్ఖానాదారులు హక్కులు కొన్నారు. కాని వారి ఉక్కు పగిలిపోయింది. బెస్సెమర్ నవ్వులపాలయ్యాడు. పరీక్షిస్తే దోషం భాస్వరానిదని తేలింది. వారి ఇనుములోని భాస్వరం గాలికి పోలేదు. ఆయన భాస్వరం తక్కువున్న ఇనుము తెప్పించి, 1858లో షెఫీల్డులో సొంత కార్ఖానా పెట్టి నెగ్గాడు. ఉక్కులో మిగిలిన ఆక్సిజన్‌ను మాంగనీసుతో వదిలించే ఉపాయం రాబర్ట్ మషెట్‌ది. భాస్వరాన్ని సున్నంతో తొలగించే పద్ధతిని తర్వాత థామస్, గిల్‌క్రిస్ట్ కనుగొన్నారు.

ఊదుగొట్టంతో ఊదితే పొయ్యి ఎందుకు రాజుకుంటుందో ఇప్పుడు చెప్పగలరా?