సంక్రాంతి కరెంటు బిల్లు: వెలుగు కన్నా వేడికే ఖర్చు

పండగ నెలలో కరెంటు బిల్లు పెరిగితే ముందు నింద పడేది గుమ్మానికి కట్టిన సీరియల్ లైట్ల మీదే. మీటరు చెప్పే లెక్క వేరు.

ఒక ఎల్ఈడీ దండ 5 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజుకు 6 గంటలు వెలిగిస్తే 30 వాట్-అవర్లు. 1,000 వాట్-అవర్లు ఒక యూనిట్ కనుక, ఒక్క యూనిట్ కాలడానికి నెల పైనే పడుతుంది. పాతకాలపు ఫిలమెంట్ బుల్బుల దండకు ఈ లెక్క వర్తించదు. అవి వెలుగు పేరుతో ఎక్కువగా వేడినే ఇస్తాయి.

ఇప్పుడు భోగి నాటి తలంటు సంగతి చూద్దాం. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్ల శక్తి కావాలి. 18 లీటర్ల బకెట్ నీటిని 20 డిగ్రీల సెల్సియస్ నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే 18 × 20 × 4.2 = 1,512 కిలోజౌళ్లు. యూనిట్ అంటే 3,600 కిలోజౌళ్లు. అంటే బకెట్‌కు 0.42 యూనిట్. అంత కరెంటుతో మన దండ పద్నాలుగు రాత్రులు వెలుగుతుంది! కూతుళ్లు, అల్లుళ్లు, పిల్లలతో ఇంట్లో ఎనిమిది మంది ఉంటే రోజు స్నానాలకే 3 యూనిట్లు దాటుతాయి. నాలుగు రోజులకు 13. తెలంగాణలో గృహజ్యోతి అర్హులకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. ఆ గీత దాటితే ఆ నెల బిల్లు కట్టాల్సిందే. ఎప్పుడూ 190 దగ్గర ఉండే ఇంటికి ఈ 13 చిన్న సంఖ్య కాదు.

స్నానం మానలేం కానీ, నీళ్లు ఎంత చల్లదనం నుంచి మొదలవుతున్నాయో చూసుకోవచ్చు. భూగర్భ జలం ఉష్ణోగ్రత ఏడాది పొడవునా పెద్దగా మారదు. అందుకే చలికాలం తెల్లవారుజామున బావి నీళ్లు గోరువెచ్చగా తగులుతాయి. మేడమీది ట్యాంకు మాత్రం రాత్రంతా మంచులో చల్లారుతుంది. సాయంత్రం వేసే మోటారును తెల్లవారుజామున వేసి, వీలైతే బకెట్లు నేరుగా నింపుకోండి. బోరు నీళ్లు 26 డిగ్రీలుంటే ఇంకా ఎక్కాల్సింది 14 డిగ్రీలే. అంటే 30 శాతం మిగులు. మోటారు ఎలాగూ వేసేదే కదా!

గీజర్‌లో మరిగించి చన్నీళ్లు కలిపితే వృథా అంటారు. కలపడంలో నష్టమేమీ లేదు, వేడినీళ్లు వాడకుండా నిలవ ఉన్నప్పుడే నష్టం. కనుక థర్మోస్టాట్ తగ్గించి, స్నానాలన్నీ వరసగా కానిచ్చి, స్విచ్ ఆపేయండి. హీటర్ రాడ్ వాడేవారు నీళ్లలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు తీయడం మరవకూడదు.

వంటింట్లోనూ ఇదే భౌతికశాస్త్రం. 20 డిగ్రీల లీటరు నీటిని మరిగే దాకా తేవడానికి 335 కిలోజౌళ్లు చాలు. మరిగే నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి మరో 2,260 దాకా కావాలి. మరుగు మొదలయ్యాక మంట పెంచినా నీటి వేడి పెరగదు, ఆవిరే పెరుగుతుంది. పొంగలి పొంగాక మంట తగ్గించి మూత పెట్టాలి. అరిసెల పాకానికి ఈ కిటుకు పనికిరాదు. అక్కడ నీరు పోవడమే కావాలి మరి.

ఇక ఇల్లు తాళం వేసి ఊరెళ్లేవారు. రిమోట్‌తో ఆపిన సెట్‌టాప్ బాక్స్ పూర్తిగా ఆగినట్టు కాదు. అది 10 వాట్లు లాగుతుంటే నాలుగు రోజులకు దాదాపు యూనిట్. గోడ దగ్గరి స్విచ్చే ఆపాలి. ఫ్రిజ్ ఖాళీ చేసి ఆపితే లోపల తడి తుడిచి, తలుపు కాస్త తెరిచి ఉంచండి. లేదంటే కనుమ వెళ్లి తిరిగొచ్చేసరికి బూజు పట్టి ఉంటుంది.