ఇష్టాన్ని నోటితో చెప్పండి

అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమాస్తాగా పనిచేశాను. ఒడిశా, బెంగాల్ వర్తకులు సరుకు కోసం వచ్చేవారు. మనుషులు ఇష్టాన్ని ఎలా బయటపెడతారో అక్కడే గమనించాను. ఆ సంగతులు మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

1. అవతలివాళ్ల భాషలో రెండు మాటలైనా నేర్చుకోండి. బెల్లం దిమ్మ అంచున చిన్న ముక్క విరిచి చేతిలో పెడితే ఒడియా వర్తకుడు వేళ్లతో నలిపి, నాలుక మీద వేసుకుని, కాసేపు చప్పరించి 'భొలొ లాగిలా' అనేవాడు. అంటే నచ్చిందని. ఆయన తెచ్చిన మిఠాయి తిని నేనూ ఆ మాటే అంటే, లేవబోయినవాడు మళ్లీ కూర్చుని ఇంటి కబుర్లు మొదలుపెట్టేవాడు.

2. ఇష్టం కలగాలి గానీ తెప్పించలేం. మనం 'నాకిష్టం' అంటాం. తమిళులు 'ఎనక్కు పిడిక్కుం', హిందీవాళ్లు 'ముఝే పసంద్ హై' అంటారు. ఒడియాలో 'మోతే భొలొ లాగే'. అన్నిట్లోనూ ఇష్టం మనిషికి కలిగేదే. కాబట్టి కొత్త కోడల్ని వచ్చిన వారానికే అందర్నీ ప్రేమించమని తొందరపెట్టకండి.

3. అనకాపల్లి నూకాలమ్మ గుడికి కొత్త అమావాస్య జాతరలో వచ్చే ముసలమ్మలు 'నువ్వే దిక్కు తల్లీ' అంటారు. హిందీవాళ్లూ దేవుణ్ణి 'తూ' అని పిలుస్తుంటారు. మనవడు 'నువ్వు' అన్నాడని కసరకండి. అది చనువు.

4. మా అమ్మ పసివాళ్లను పైకి పొగిడేది కాదు, దిష్టి తగులుతుందని. బుగ్గలు పుణికి, తన కణతలకు వేళ్లు ఆనించి మెటికలు విరిచేది. ఉత్తరాది తల్లులు 'నజర్' తగలకుండా చేసేదీ ఇదే. మన వైపు 'ఏటమ్మా, తిన్నావా?' అనే పలకరింపులోనూ అంత ప్రేమా ఉంది. దాన్ని తక్కువ చేసి చూడకండి.

5. అయినా మాట కావాలి. ఇది గట్టిగా చెబుతున్నాను. అమెరికాలో పెరుగుతున్న పిల్లలకు మన మెటికల సంగతి తెలీదు. ఫోన్లో వాళ్లు 'లవ్యూ తాతా' అంటే 'సరే, ఉంటాను' అని పెట్టేయకండి. వాళ్లకు అలవాటైన మాటలోనే బదులు చెప్పి, వెంటనే 'నువ్వంటే నాకు ప్రాణం నాన్నా' అని తెలుగులోనూ అనండి. వినగా వినగా వాళ్లకూ అది నోటికొస్తుంది.

6. దూరంగా ఉన్నవాళ్లతో పాటు ఇంట్లోవాళ్లకూ చెప్పాలి. ఈ రాత్రి కూర నచ్చితే, వండినవాళ్లకు ఆ మాట తింటుండగానే చెప్పండి.