ముందు అద్దెకు దిగండి

రిటైర్మెంటు దగ్గరపడేకొద్దీ చాలామంది మగవాళ్లకు ఒక కల మొదలవుతుంది. ఊళ్లో సొంత ఇల్లు, పెరట్లో కరివేపాకు చెట్టు, వాకిట్లో వేపచెట్టు కింద నవారు మంచం. కల బాగానే ఉంది. ఆ మంచం మీద కూర్చున్నది మీరు. మరి కాఫీ గ్లాసు తెచ్చి ఇస్తున్నది ఎవరు?

పల్లెలో స్థిరపడాలనుకునే దంపతుల మధ్య తెగని పేచీ ఇక్కడే ఉంటుంది. ఆయనకు ఊరంటే చెరువులో ఈతలు, తోటలో కోతికొమ్మచ్చి, వేసవి సెలవులు. ఆమెకు ఊరంటే బోరింగు దగ్గర బిందెల వరస, పొగచూరిన వంటిల్లు, చెప్పాపెట్టకుండా దిగే చుట్టాలు, కోడలు ఎన్నింటికి లేస్తోందో కనిపెట్టి చూసే ఎదురింటి పిన్నిగారు. నగరానికొచ్చి, పిల్లల్ని పెంచి, ఇన్నేళ్లకు కాస్త ఊపిరి పీల్చుకుంటున్న మనిషిని మళ్లీ అదే వాకిట్లోకి రమ్మంటున్నారు. కాబట్టి స్థలాలు చూడ్డానికి కారు తీసే ముందు ఆమెతో ఒక పూట కూర్చోండి. "ఊరెళ్లిపోదామా?" అని ఒక్క ముక్కలో అడగకండి. పొద్దున లేచింది మొదలు రాత్రి తలుపు గడియ వేసేదాకా అక్కడ ఎవరు ఏం చేస్తారో మాట్లాడుకోండి. వచ్చినవాళ్లకు మర్యాదలు ఎవరు చేస్తారు? పనిమనిషి దొరక్కపోతే అంట్లు ఎవరు తోముతారు? ఆమెకు అక్కడ మాట్లాడే మనిషి ఎవరు, పొద్దుపోయే పని ఏమిటి? ఇవి తేలకుండా కట్టిన ఇంటికి తొందర్లోనే తాళం పడుతుంది. ఆమె ససేమిరా అంటే నెలకో వారం వెళ్లి రండి. అదేం ఓటమి కాదు. అలా వెళ్లొస్తూ హాయిగా ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారనుకుందాం. ఏ ఊరు?

సొంత ఊరైతే సులువని అందరూ అనుకుంటారు. నా లెక్కలో సొంత ఊరే కష్టం. తాతలనాటి ఇంట్లో ఒక గది మీ వాటా, వసారా పెదనాన్న కొడుకుది, బావి ఉమ్మడి. పైగా అక్కచెల్లెళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. హిందూ కుటుంబాల్లో పిత్రార్జితంలో ఆడపిల్లల వాటా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటికే చట్టమైంది. 2005లో దేశమంతటా వచ్చింది, పెళ్లయినవాళ్లకూ వర్తించింది. వాళ్ల సంతకాలు లేకుండా ఆ ఇంటికి రంగులు కూడా వేయకండి. "మా చెల్లెలు ఏమీ అనదులెండి" అనేది దస్తావేజు కాదు. ఆమె అనకపోయినా బావగారు అంటారు, బావగారు అనకపోయినా రేపు మేనల్లుడు అంటాడు.

కొత్త ఊరైతే మాత్రం సంక్రాంతికి వెళ్లి చూడకండి. సంక్రాంతికి ప్రతి ఊరూ బాగుంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం ఒకసారి, ముసురు పట్టిన ఆగస్టులో ఒకసారి వెళ్లండి. మేలో బోర్లు ఎన్ని అడుగుల్లో నీళ్లిస్తున్నాయో, కరెంటు ఎంతసేపు ఉంటోందో, తాగేనీళ్లు ఎక్కడివో తెలుస్తుంది. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో నీళ్లలో ఫ్లోరైడు ఎందరి ఎముకలను వంచిందో తెలిసిందే. అలాంటి చోట బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా బయానా ఇవ్వకూడదు. బోరు వేయాలన్నా వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. 2002 నుంచీ ఉన్న నియమమే ఇది. ఆగస్టులో వెళితే వాగు పొంగినప్పుడు ఊరికి దారి ఉంటుందో లేదో తెలుస్తుంది. గోదావరి పక్కన లంక గ్రామం మీద మనసు పడితే అక్కడి పెద్దవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "86లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయండీ?" ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది. 2022 జులైలో మళ్లీ 71 దాటింది. అడిగితే వాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు. బ్రోచర్లో ఈ సంగతి ఉండదు.

కొత్తిల్లు వాస్తుకు కుదరలేదని వంటింటి గుమ్మం రెండుసార్లు మార్పించినవాళ్లు నాకు తెలుసు. ఆ సందులోకి 108 బండి తిరుగుతుందా అని చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గుండెనొప్పికి డాక్టరు ఎంత దూరంలో ఉన్నారు, పాము కాటుకు మందు ఏ ఆసుపత్రిలో ఉంటుంది? ఈ రెండూ ఇల్లు చూడబోయిన రోజే కనుక్కోండి. కట్లపాము రాత్రుళ్లు తిరుగుతుంది. కరిచినా ఒక్కోసారి నొప్పే తెలియదు. నేల మీద పడుకునే సరదా ఉంటే దోమతెర అంచులు పక్క కిందికి దోపుకుని పడుకోండి. కుట్టిందన్న అనుమానం వచ్చినా కట్లు కట్టడాలు, గాట్లు పెట్టడాలు, మంత్రాలు మాని ఆసుపత్రికి బయల్దేరండి. తెలంగాణలోనైతే కోతుల సంగతి కూడా అడగండి. వాటి దెబ్బకు చాలా ఊళ్లలో పెరటి కూరగాయల మీద ఆశే వదిలేసుకున్నారు.

ఇక కాగితాలు. అరకు, పాడేరు, మారేడుమిల్లి చల్లదనానికి మురిసి అక్కడ స్థలం బేరమాడకండి. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడానికి 1/70 చట్టం ఒప్పుకోదు. గిరిజనేతరుడే అమ్ముతున్నా అంతే. "మా పేరు మీద ఉంచుతాం, మీరు ఉండండి" అనేవాణ్ని అసలే నమ్మకండి. చవగ్గా వస్తోందంటే అది పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డ్ భూమేమో చూడండి. దాని బదిలీ మీద 1977 నుంచీ నిషేధ చట్టం ఉంది. తర్వాత సవరణలు వచ్చినా, లాయరు చూడకుండా ముందుకెళ్లొద్దు. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22-ఎ జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడగండి, పాత లావాదేవీలు తెలిపే ఈసీ తీయించండి. ఆంధ్రలో మీభూమి, తెలంగాణలో 2025లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి పోర్టళ్లలో భూమి రికార్డులు ఫోన్లోనే చూసుకోవచ్చు. ఊరి నడిబొడ్డున గ్రామకంఠంలో ఉన్న పాత ఇళ్లకు చాలాచోట్ల విడి సర్వే నంబర్లే ఉండవు. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు చూపిస్తారు. అలాంటప్పుడు నాలుగు వైపులా హద్దుదారులను పిలిచి, వాళ్ల ఎదుటే టేపు పట్టి కొలవండి. అమెరికా నుంచి ఈ కల కంటున్నవాళ్లకో మాట: ఎన్నారైలు, ఓసీఐ కార్డున్నవాళ్లు సాధారణంగా వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇల్లు, ఇళ్ల స్థలం కొనుక్కోవచ్చు.

ఇంత చూశాక కూడా కొనకండి. అద్దెకు దిగండి.

ఏ పల్లెకెళ్లినా తాళం వేసిన ఇళ్లు కనిపిస్తాయి. ఇంటివాళ్లు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటారు. సాయంత్రం దీపం పెట్టే దిక్కుంటే చాలని తక్కువ అద్దెకే ఇస్తారు. "మీరేవిట్లు?" అని మాత్రం అడుగుతారు. కొందరు మొహమాటంగా, కొందరు నేరుగా. నగరంలో ఇన్నాళ్లూ పట్టించుకోని కులం అక్కడ ఏ వీధిలో ఇల్లు దొరుకుతుందో తేలుస్తుంది. అది మీకు మింగుడుపడుతుందో లేదో అద్దెకున్నప్పుడే తెలిసిపోవాలి. అన్ని రుతువులూ చూసేదాకా ఉండండి. మొదటి నెల పండగలా గడుస్తుంది. తర్వాత ఒక రోజు సాయంత్రం ఏడింటికే వీధి సద్దుమణిగి, టీవీ చప్పుడు తప్ప ఏమీ వినపడనప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. ట్రాఫిక్ మీద విసుగునే పల్లె మీద ప్రేమనుకుని వచ్చినవాళ్లు ఇక్కడే పెట్టె సర్దుకుంటారు.

ఉండగలమనుకున్నవాళ్లకు ఊరు నేర్పేవి కొన్ని ఉన్నాయి. పొద్దున్నే టీ కొట్టు దగ్గరికి వెళితే బల్ల మీద పెద్దాయన జరిగి చోటిచ్చి, "ఎవరి తాలూకండీ?" అంటాడు. మీ హోదా, కంపెనీ పేరు చెబితే తలూపి ఊరుకుంటాడు. "ఫలానా మాస్టారింట్లో దిగామండీ, టీచరు గారికి తెలిసినవాళ్లం" అనండి, అప్పుడు రెండో టీ ఆయనే చెబుతాడు. కిరాణా ఊళ్లోనే కొనండి. ఆన్‌లైన్ పెట్టెలు మీ గుమ్మం ముందు దిగుతుంటే కొట్టాయన చూస్తూనే ఉంటాడు. పెళ్లికి వెళ్లకపోయినా ఊరు సర్దుకుంటుంది, చావుకు వెళ్లకపోతే గుర్తుపెట్టుకుంటుంది. గుడి చందా అందరిలాగే ఇవ్వండి. ఎక్కువిస్తే మరుసటేడు మీ రేటు అదే. చేబదుళ్లు అడుగుతారు. తిరిగి రాకపోయినా బాధపడని మొత్తమే ఇచ్చి, రెండోసారికి నవ్వుతూ లేదనండి. పంచాయతీ ఎన్నికలొస్తే ఓటు వేయండి, ఏ అరుగు మీదా కూర్చోకండి. వ్యవసాయం మీద సలహాలు అస్సలు ఇవ్వకండి. యూట్యూబ్ వాళ్లూ చూస్తున్నారు. ఆరడుగుల ప్రహరీ, దాని మీద సీసీ కెమెరా పెట్టుకుని "ఊరివాళ్లు కలవట్లేదు" అంటే ఎలా కలుస్తారు?

ఇవన్నీ దాటి ఏడాది తర్వాత కూడా ఇద్దరికీ ఉండాలనిపిస్తే అప్పుడు స్థలం అడగండి. ఆపాటికి బ్రోకరుతో పనుండదు. ఎవరు అమ్ముతున్నారో, ఎందుకు అమ్ముతున్నారో, అసలు ధర ఎంతో టీ కొట్టు దగ్గరే మీ చెవిన పడి ఉంటుంది. అందాకా పీఎఫ్ డబ్బులు బ్యాంకులోనే ఉంచండి. ఈ వారమే మీ ఆవిడతో ఆ పూట కూర్చోండి.